ఎబెనెజరు రాయి: బిషప్ అజరయ్యగారి జీవిత స్మరణ

మన అధ్యక్ష ఖండము నూరేండ్ల పండుగ జరుపుకొనుచున్న ఈ శుభ సమయమున మన సంఘములన్నిటిలో ఒకే ప్రశ్న వినబడుచున్నది. ఈ పండుగకు గురుతుగా మనమేమి నిలుపుదము? ఒకచోట గంట గోపురము కట్టవలెనని, ఒకచోట పాత గుడికి కొత్త నేల వేయించవలెనని, ఇంకొకచోట నల్లరాతి ఫలకము మీద పూర్వపు అయ్యగార్ల పేర్లు చెక్కించవలెనని పెద్దలు తలంచుచున్నారు. ఇవన్నియు మంచి తలంపులే. అయినను ఆ ఫలకము మీద ఎవరి పేరు ముందు రావలెను, ఎవరి పేరు విడిచిపెట్టబడినది అను మాట లేచినప్పుడు పండుగ సంతోషము తగ్గి మనసులు నొచ్చుకొనుట కూడ మనమెరుగుదుము. మేమెరిగిన ఒక సంఘములో పేర్ల వరుస తెగక, చెక్కించిన రాయి గోనెపట్టాలో చుట్టబడి రెండేండ్లు గుడి ప్రక్క గదిలో గోడకు చేరవేయబడియుండెను. ఎవరి జ్ఞాపకార్థమై చెక్కించిరో వారి పిల్లలే ఆ గదిలోనికి బెంచీలకొరకు వెళ్లి వచ్చుచుండిరి.

కనుక రాయి నిలుపుటకు ముందు ఒక సంగతి ఆలోచించుకొనుట మంచిది. జ్ఞాపకార్థమని క్రైస్తవుడు ఒక రాతిని నిలిపినప్పుడు ఎవరిని జ్ఞాపకము చేయుచున్నాడు? ఈ సంగతిని ఊరక చర్చించుటకంటె మన తెలుగు సంఘమునకు తండ్రివంటివారైన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి జీవితమును ఒకసారి తిరిగి చూచుట మేలని మాకు తోచినది.

రెండు రాళ్లు

పరిశుద్ధ గ్రంథములో నిలువబెట్టబడిన రాళ్లు చాల కలవు. యాకోబు తాను తలగడగా పెట్టుకొనిన రాతిని బేతేలులో నిలిపెను. యొర్దాను దాటిన తరువాత యెహోషువ పండ్రెండు రాళ్లను గిల్గాలులో నిలువబెట్టించెను. ఈ రాళ్లేమిటని పిల్లలు అడుగవలెను, తండ్రులు జవాబు చెప్పవలెను, ఆ రాళ్ల పని అంతే. అయితే మరి రెండు రాళ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచినయెడల మన సంగతి మరింత తేటగా బోధపడును.

ఒకటి అబ్షాలోము రాయి. తన పేరు నిలుపుటకు కుమారుడు లేడని తలంచి, అతడు బ్రదికియుండగానే రాజు లోయలో ఒక స్తంభము నిలిపి దానికి తన పేరే పెట్టుకొనెను. రెండవది సమూయేలు రాయి. ఫిలిష్తీయులు ఓడిన దినమున సమూయేలు మిస్పాకును షేనుకును మధ్య ఒక రాయి నిలిపెను. దానికి తన పేరు పెట్టలేదు, ఆ దినమున యుద్ధము చేసినవారి పేర్లును పెట్టలేదు. ఎబెనెజరు అని పిలిచెను. సహాయపు రాయి అని దాని అర్థము. అదే పేరుగల చోట ఇశ్రాయేలీయులు అంతకు మునుపు దిగి, ఘోరముగా ఓడిపోయి, దేవుని మందసమును పోగొట్టుకొనియుండిరి. కాబట్టి ఆ పేరు విన్న ప్రతివానికి తన ఓటమియు, దేవుని సహాయమును ఒక్కసారిగా జ్ఞాపకము రావలసినదే.

అజరయ్య అను పేరు బైబిలులోని అజర్యా అను హెబ్రీ పేరే. యెహోవా సహాయము చేసెను అని దాని అర్థము. ఎబెనెజరులోని సహాయమును, అజర్యాలోని సహాయమును హెబ్రీ భాషలో ఒకే ధాతువునుండి వచ్చినవి. రాయి నిలిపిన సమూయేలు పేరును, ఆ రాతి మీది సహాయమును ఈ ఒక్క మనుష్యుని పేరులోనే ఇమిడియున్నవి. ఆయన బ్రదుకు కూడ ఆ పేరుకు తగినట్టే నడిచెను.

తల్లి మ్రొక్కుబడి

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న నాటి తిరునెల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై అను చిన్న గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగంగారు హిందూ నాడార్ కుటుంబములో పుట్టి, మిషను బడిలో చదువుకొనుచు క్రీస్తును నమ్మి, తరువాత గురువుగా అభిషేకము పొందినవారు. తల్లి ఎలెన్ అమ్మగారు కుమారుని కొరకు హన్నావలె చాలకాలము ప్రార్థించిరి. అందుచేతనే బిడ్డకు శామ్యూల్ అని పేరు పెట్టిరి. దేవునియొద్ద అడిగి తెచ్చుకొనిన బిడ్డ అని ఆ తల్లి నిలిపిన మొదటి జ్ఞాపక చిహ్నము ఆ పేరే.

1889లో తండ్రి చనిపోయిరి. బాలుడు మెజ్ఞానపురములో, తిరునెల్వేలిలో చదువుకొనెను. మెజ్ఞానపురములో ఐరోపా పద్ధతిలో కట్టబడిన ఎత్తైన శిఖరముగల గొప్ప దేవాలయము కలదు. ఆ శిఖరము నీడలో పెరిగిన పిల్లవాడు తరువాతి కాలమున కట్టించిన గుడి దానివలె లేకపోవుట గమనింపదగినది. ఆ సంగతి ముందు చెప్పెదము. తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితశాస్త్రము చదివిరి గాని పరీక్ష సమయమున జబ్బుపడి పట్టా పొందలేకపోయిరి. పట్టా లేని ఆ విద్యార్థికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము ఇచ్చెను.

1895లో ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిలో ప్రవేశించి దక్షిణ దేశమంతట తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. కాలేజీ చదువు చదివిన మొదటి దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకరు. పెండ్లి ఆడంబరము లేకుండ మిక్కిలి కొద్ది ఖర్చుతో జరిగెను.

యాళ్‌పాణము నుండి సేరంపూరు వరకు

1902లో ఆయన సింహళ ద్వీపమందలి యాళ్‌పాణమునకు, అనగా జాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత ధనముతో తమ స్వంత సేవకులను ఇతర ప్రాంతములకు పంపుచుండుట కన్నులార చూచిరి. ఆ చూపు ఆయనను నిద్రపోనీయలేదు. తిరునెల్వేలి సంఘము వంద సంవత్సరములనుండి సువార్తను పుచ్చుకొనుచున్నదే గాని పరుల కొరకు ఏమి ఇచ్చుచున్నది? ఈ ప్రశ్న ఫలముగా 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టెను. ధనము, మనుష్యులు, నడుపుదల సమస్తము దేశీయులదే. ఆ సొసైటీ ఎన్నుకొనిన పొలము మన తెలుగు నేల. నైజాము రాజ్యములోని దోర్నకల్లు పరిసర గ్రామములు.

రెండేండ్ల తరువాత, 1905 క్రిస్మస్ దినమున, బెంగాలులోని సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడెను. దాని స్థాపకులలో అజరయ్యగారు ఒకరు. వారు కూడుకొనిన స్థలము విలియం కేరీగారి గ్రంథాలయము. మన తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయినది ఆ సేరంపూరులోనే. కేరీగారి సమాధి అక్కడనే కలదు. తన సమాధి మీద తన పనులేవియు వ్రాయకూడదని, తాను దిక్కులేని పాపినై యేసు చేతులలో వ్రాలుచున్నానను భావముగల కీర్తన మాటలు మాత్రము చెక్కవలెనని ఆయన ముందే చెప్పియుండిరి. నలుబది యేండ్లకు పైగా ఈ దేశములో ఉండి అనేక భాషలలో దేవుని వాక్యమును అచ్చు వేయించిన వాని సమాధి రాతి మీద ఆయన పని ఒక్కటియు లేదు! ఎబెనెజరు రాయి అనగా ఎట్టిదో చూడగోరువారు సేరంపూరులో చూడవచ్చును.

గుడారములో కాపురము

పరులను పంపుటతో ఆయన తృప్తిపడలేదు. వై.ఎం.సి.ఏ.లోని గౌరవమైన ఉద్యోగము విడిచి, 1909లో అభిషేకము పొంది, తానే దోర్నకల్లు వచ్చిరి. అప్పటికాయన వయస్సు 35 సంవత్సరములు. దోర్నకల్లు అనగా ఒక రైలు జంక్షను, చుట్టును చిట్టడవులు, పేదపల్లెలు. మొదట గుడారములోనే కాపురము. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని, ఎద్దుబండి మీదను సైకిలు మీదను పల్లె పల్లె తిరిగిరి.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అక్కడ ఆయన దొరలైన మిషనరీలకును దేశీయ సేవకులకును నడుమ ఉన్న ఎడమును గూర్చి దాపరికము లేకుండ మాటలాడిరి. వారి త్యాగమును, దానములను కృతజ్ఞతతో ఒప్పుకొనిరి. అయితే ఇప్పుడు కావలసినది వాటన్నిటికంటె స్నేహమని స్పష్టముగా అడిగిరి. కొందరికి ఆ మాటలు చేదుగా నుండెను. నేడు ఆ మహాసభను తలచుకొనువారు మొదట తలచుకొనునది ఆ ప్రసంగమునే.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకము జరిగెను. మద్రాసు బిషప్ వైట్‌హెడ్‌గారు దీనికొరకు ఎంతో పాటుపడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయుడు అజరయ్యగారే. దేశీయుని క్రింద దొరలు ఎట్లు పనిచేయుదురని ఆనాడు అనేకులు సందేహించిరి, కొందరు ఎదిరించిరి.

ఆ దినమును మనము కన్నులయెదుట నిలుపుకొనవలెను. కలకత్తా కతీడ్రల్ గోడలు పాలరాతి ఫలకములతో నిండియుండును. ఉద్యోగులు, సైన్యాధికారులు, న్యాయాధిపతులు, వారి పదవులు, వారి యుద్ధములు అన్నియు అక్కడ చెక్కబడియున్నవి. ఆ పాలరాళ్ల నడుమ తాటిచెట్ల గ్రామమునుండి వచ్చిన ఒక పాస్టరుగారి కుమారుడు మోకరించెను. అతని పితరుల పేర్లు ఏ గోడ మీదను లేవు. అతడు ఎవరి కొరకు పంపబడుచున్నాడో ఆ పల్లె ప్రజల పేర్లు అసలు ఏ కాగితము మీదను లేవు.

తల మీద చేయి

ఈ చివరి మాట మన పితరులను గూర్చినది. ఆనాడు అజరయ్యగారి యొద్ద బాప్తిస్మము పొందినవారిలో మిక్కిలి ఎక్కువమంది మాల మాదిగ గూడెముల వారు. వారికి భూమి లేదు, బడి లేదు, ఊరి బావి లేదు. చనిపోయినవానిని పాతిపెట్టిన చోట రాయి పెట్టుట అను మాటయే లేదు. రెండు వానలు కురిసిన తరువాత ఆ చోటు ఏదో ఎవరికిని తెలియకపోవును. మన తాతముత్తాతలలో అనేకుల పేర్లు మొట్టమొదట సిరాతో వ్రాయబడినది మన సంఘపు బాప్తిస్మపు రిజిస్టరులోనే. తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, తేదీ, బాప్తిస్మమిచ్చిన గురువు సంతకము. ఆ ఒక్క వరుసయే వారికి శిలాఫలకము.

అజరయ్యగారు బాప్తిస్మమును ఆ వరుసతో ముగియనీయలేదు. కొత్తగా బాప్తిస్మము పొందినవారిని తమ తల మీద తామే చేయి ఉంచుకొనుమనెడివారు. తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమని, సువార్త ప్రకటింపకపోయినయెడల తమకు శ్రమ అని, పౌలు కొరింథీయులకు వ్రాసిన ఆ భావమును వారిచేత చెప్పించెడివారు. నీళ్లు ఆరిపోవును, గుడి దూరమున నుండును, చదువు రాదు. అయితే తల మీద చేయి ఎక్కడనైనను పెట్టుకొనవచ్చును. పొలములో కలుపు తీయుచున్న స్త్రీ కూడ తల తడిమి చూచుకొని తానెవరిదో జ్ఞాపకము చేసికొనవచ్చును. రాయి లేని ప్రజలకు ఆయన వారి దేహమునందే జ్ఞాపక చిహ్నమును నిలిపిరి.

ఇల్లాలు కుండలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి దేవునికని వేరుగా ఉంచుటయు అట్టిదే. దినదినము పొయ్యి దగ్గర జరుగు జ్ఞాపకార్థ కార్యమది. క్రైస్తవ దానమును గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము అనేక భాషలలోనికి వెళ్లినది. పేదవాడు పుచ్చుకొనువాడు మాత్రమే కాడు, ఇచ్చువాడు కూడ కావలెనని ఆయన పట్టుదల. మురికి, రోగము, అప్పు, తాగుడు అను నాలుగు దయ్యములను పల్లెలనుండి వెళ్లగొట్టవలెనని ఊరూర బోధించిరి. ఉపదేశులకును గురువులకును దోర్నకల్లులో తర్ఫీదు ఇప్పించిరి. వందకు మించిన దేశీయ గురువులు ఆయన కాలములో పనిచేసిరి. అన్బు మరియమ్మాళ్ గారు స్త్రీల నడుమ పనిచేసి ఆయనకు కుడిభుజముగా నుండిరి. 1920లలో దోర్నకల్లు ఖండము విస్తరించి కృష్ణా ప్రాంతపు సంఘములను కూడ చేర్చుకొనెను. 1935 నాటికి ఆ ఖండమందలి విశ్వాసులు రెండు లక్షలు దాటిరి.

తరంగంబాడి

అయితే జ్ఞాపకము అంతయు మేలు చేయునది కాదని ఆయనకు తెలియును. ఆంగ్లికనులు, వెస్లియనులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియనులు అను పేర్లన్నియు పడమటి దేశముల తగవులనుండి పుట్టినవి. ఆ తగవులు జరిగిన నాడు మన పితరులు లేరు. ఆ జ్ఞాపకములు మనవి కావు. అయినను ఆ పేర్ల మూలముగా మన ఊళ్లలో ఒకే నదికి ఈ ఒడ్డున ఉన్నవారు ఆ ఒడ్డున ఉన్నవారితో ప్రభువు బల్లయొద్ద కూర్చుండలేకపోయిరి.

1919 మే మాసమున తరంగంబాడిలో వివిధ సంఘముల సేవకులు కూడుకొనిరి. వారిలో ఒకరిద్దరు తప్ప అందరును దేశీయులే. అజరయ్యగారు ఆ కూటమునకు నాయకులలో ఒకరు. ఆ ఊరు సామాన్యమైనది కాదు. 1706లో సీగెన్‌బాల్గ్‌గారు ఓడ దిగినది ఆ తీరముననే. 1719లో ఆయన చనిపోయి అక్కడి గుడిలోనే సమాధి చేయబడిరి. ఆయన చనిపోయిన సరిగా 200 సంవత్సరములకు, ఆ సమాధి ఉన్న ఊరిలోనే, సంఘ ఐక్యతను కోరు ప్రకటన వెలువడెను. దక్షిణ ఇండియా సంఘము పుట్టుకకు అది తొలి మెట్టు. పితరుల సమాధి యొద్ద నిలిచి వారిని పొగడి తిరిగి వెళ్లుట సులభము. అక్కడ నిలిచి మన తప్పును ఒప్పుకొనుట కష్టము. ఎబెనెజరు అను పేరులో ఓటమి కూడ ఉన్నదని మొదట చెప్పితిమి గదా.

ప్రత్యక్షతా దేవాలయము

ఇక దోర్నకల్లు ఎపిఫనీ కతీడ్రల్ సంగతి. అజరయ్యగారు బిషప్ అయిన 26 సంవత్సరములకు, 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగ దినమున దాని ప్రతిష్ఠ జరిగెను. అన్ని యేండ్లు పట్టుటకు ధనము కొరత ఒక కారణము. పల్లెలలో బడి, ఉపదేశి, తర్ఫీదు వీటి అవసరము ఎప్పుడును ఎదుటనే ఉండెను. పేదజనుల నడుమ అంత గుడి ఎందుకని అడుగుట తప్పు కాదు. ఆ ప్రశ్న నేడును అడుగదగినదే. యూదా ఆ పరిమళ తైలమును చూచి అడిగిన మాటను దొంగ మనసుతో అడిగెను గాని, మంచి మనసుతోను దానిని అడుగవచ్చును.

జవాబు ఆ గుడియే చెప్పుచున్నది. దాని శిఖరము మెజ్ఞానపురపు శిఖరము వంటిది కాదు. దక్షిణ దేశపు గుళ్ల మండపములను తలపించు స్తంభములు, నైజాము సీమ మసీదులను తలపించు గుమ్మటములు అందులో కలవు. ఈ దేశపు చేతులు ఎరిగిన రూపములన్నియు సిలువ క్రిందికి తేబడినవి. ప్రత్యక్షత అనగా తూర్పు దేశపు జ్ఞానులు తమ దేశపు కానుకలనే తెచ్చి శిశువు ఎదుట పెట్టిన పండుగ. ఆ పేరు గుడికి ఊరక పెట్టినది కాదు. ఏ ప్రజలను ఊరి గుడిలోనికి రానీయలేదో, ఆ ప్రజలు చెప్పులు విడిచి, తలయెత్తి, తమదని చెప్పుకొని లోపలికి నడచిన మందిరమది. దానిని కట్టినందున బిషప్‌గారి పేరు నిలిచినది నిజమే. అయితే అది ఆయన పేరుగల గుడి కాదు. దాని పేరు క్రీస్తు ప్రత్యక్షతను చెప్పుచున్నది.

గుళ్లనే కాక పండుగలను కూడ ఆయన ఇట్లే చూచిరి. కీర్తన, భజన, ఊరేగింపు, జాతర, కోతకాలపు కానుక ఇవన్నియు మన ప్రజలు జ్ఞాపకముంచుకొను విధములు. వాటిని పారవేయక ప్రభువు కొరకు వాడుకొనవలెనని నేర్పిరి.

పేరు పెట్టిన దినము

1944 క్రిస్మస్ కాలమున పల్లెలలో తిరిగి వచ్చిన బిషప్‌గారు జ్వరముతో పడకనెక్కి, 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. సంఘ పంచాంగములో జనవరి 1 శిశువునకు యేసు అని పేరు పెట్టబడిన దినము. తన పేరు గూర్చి చింతింపక ఆ పేరును మోసినవాడు ఆ దినముననే విశ్రాంతిలో ప్రవేశించుట మనకు ఆదరణగా నున్నది. దోర్నకల్లులోనే ఆయన సమాధి కలదు. ఇంగ్లండు సంఘము తన పంచాంగములో జనవరి 2న ఆయనను స్మరించుకొనుచున్నది. ఒకనాడు ఈ దేశమునకు బిషప్పులను పంపిన సంఘమే నేడు మన తెలుగు నేల బిషప్పు పేరును తన ప్రార్థనలో తలచుచున్నది.

ఆయన అంత పాటుపడిన ఐక్య సంఘమును ఆయన కన్నులు చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభమైనప్పుడు ఆయన కన్నుమూసి రెండేండ్లు దాటియుండెను. మోషే నెబో కొండ మీదనుండి దేశమును చూచి చనిపోయెను. అతని సమాధి ఎక్కడనో నేటివరకు ఎవనికిని తెలియదు. అయినను మోషేను మరచిన తరము లేదు. అతడు నిలిపినది రాతిని కాదు, ప్రజను గదా.

మనము నిలుపవలసిన రాయి

ప్రియ సహోదరీ సహోదరులారా, రాయి నిలుపవద్దని మేము చెప్పుట లేదు. మరచిపోవు స్వభావము మనది. కన్నులు చూచునది, చేయి తాకునది ఏదో ఒకటి లేకపోయినయెడల మూడవ తరమునకు ఏ జ్ఞాపకమును అందదు. అందుచేతనే ప్రభువు తన జ్ఞాపకార్థమై రొట్టెను, పాత్రను మన చేతికిచ్చెను. ఆయన పేరు చెక్కిన రాయి ఏదియు ఆయన విడిచి వెళ్లలేదు. విరిచి పంచుకొనవలసినది, పంచుకొనకుంటే పాడైపోవునది, అట్టి జ్ఞాపకమును ఇచ్చెను. ఒకరితో ఒకరు మాటలాడుకొననివారు ఆ బల్లయొద్దకు వచ్చుటకు ముందు సమాధానపడవలెనని కూడ ఆజ్ఞాపించెను.

అయితే జ్ఞాపక చిహ్నము విగ్రహము కాగలదు. అరణ్యములో మోషే ఎత్తిన ఇత్తడి సర్పము ప్రాణములు కాచినది. తరువాతి తరములవారు దానికి ధూపము వేయసాగిరి. హిజ్కియా రాజు దానిని పగులగొట్టించెను. మన ఫలకము మీది పేర్ల వరుస కొరకు సహోదరుని మనసు విరుగునప్పుడు మనమును ఆ సర్పమునకు ధూపము వేయుచున్నట్లే.

కాబట్టి ఈ నూరేండ్ల పండుగలో ఒక చిన్న కార్యమును ప్రతి సంఘమును చేయవలెనని మేము వినయముతో కోరుచున్నాము. పాస్టరేటు బీరువాలోని పాత బాప్తిస్మపు రిజిస్టరును బయటికి తీయుదము. చెదలు పట్టినచోట్ల జాగ్రత్తగా దులిపి, చదువుటకు వీలైన పేర్లన్నిటిని ఒక ఆదివారమున ఆరాధనలో బిగ్గరగా చదువుదము. పెద్ద పేరు, చిన్న పేరు అని లేకుండ, వ్రాయబడిన వరుసనే చదువుదము. తన తాత పేరు విన్న ప్రతివాడు నిలువబడి తన తల మీద చేయి ఉంచుకొనవలెను. పిల్లలు ఇదేమిటని అడుగుదురు. అప్పుడు చెప్పుటకు మనయొద్ద జవాబు ఉండవలెను. అది చేసిన తరువాత గంట గోపురము కట్టుదము, ఫలకమును గోడకు ఎక్కించుదము. ఆ గోనెపట్టాలోని రాతికి కూడ అప్పుడు చోటు దొరకును.

ఆ జవాబు అజరయ్యగారి పేరులోనే ఉన్నది. మనకు భూమి లేనప్పుడు, బడి లేనప్పుడు, పేరు లేనప్పుడు ప్రభువు మనకు సహాయము చేసెను. ఇంతవరకు చేసెను. ఇకమీదటను చేయును. ఆయనకే యుగయుగములు మహిమ కలుగును గాక. ఆమేన్.